తిరుపాలు తోలు

2007లో బెంగళూరులో ఏం పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పేస్తే పీడా పోయేది. నా ఖర్మ కొద్దీ నాది చర్మం పెంచే పని. కాలినవాళ్ళ ఒంటినుంచే తపాలాబిళ్ళంత చర్మం తీసుకుని, మూడు వారాల్లో అరచేతులంత పొరలుగా పెంచుతాం. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా లాబ్ ఉన్న ఇంటి ఓనరు ఇప్పటికీ మాది బ్యూటీపార్లరే అనుకుంటాడు.

ఇక ఆదెమ్మ. ఆమె మొగుడు తిరుపాలు రోడ్డు పనిలో కాగే తారు పడి, మోకాలి కింద కాలంతా కాలి ఆసుపత్రిలో ఉన్నాడు. అతని చర్మమే అప్పుడు మా లాబ్‌లో పెరుగుతోంది. ఆమె రోజూ మా గుమ్మంలో కూర్చుని, ఏం చేస్తున్నారని ఒకటే ప్రశ్న. ఒకరోజు విసుగెత్తి, "పాలల్లో తోడేసినట్టే అక్కా. కదపకుండా వెచ్చగా పెడితే పేరుకుంటుంది," అన్నాను. ఆమె మొహం విప్పారింది. మర్నాటినుంచీ నాకు ఇంకో పీడ.

"ఏమ్మా, తోడుకునిందా?"

పొరలు సిద్ధమైన రోజే మా బాస్ గిరీష్ ఊడిపడ్డాడు. మధ్యాహ్నం ముఖం క్రీముల కంపెనీవాళ్ళు వస్తున్నారట. తమ క్రీము పూసి చూసుకోవడానికి ఒక పొర కావాలట.

"ఉన్నవన్నీ కలిపినా ఆ కాలికి బొటాబొటీ సార్. సాయంత్రమే ఆపరేషన్!"

"ఒక్కటే కదప్పా, ఊరికే సతాయిస్తావు! ఆయమ్మే ఒప్పుకుంటే నీకేం?" అంటూ కాగితం పట్టుకుని నేరుగా ఆదెమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, మీ దాంట్లో రోంత మాకిస్తారా?"

ఆమె క్షణం ఆలోచించలేదు. "తోడడిగితే లేదంటామా సామీ? తీసుకోండి," అని వేలిముద్ర వేసేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద, ఆమె మీద, అందరికంటే నా పాడు నోటి మీద.

"తోడూ లేదు, పెరుగూ లేదు! అది మీ ఆయన తోలు అక్కా! ఒకటి తగ్గితే అంతమేర కాలు పచ్చిపుండుగానే ఉండిపోతుంది!"

ఆదెమ్మ లేచి నిలబడింది. "తోలా? నా మొగుని తోలుకు నీ క్రీము పూస్తావా?" అని గిరీష్ చేతిలో కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. ఆయన నావైపు కొరకొర చూసి లోపలికి పోయాడు. నా ఉద్యోగం సంగతి రేపు చూసుకుందామనుకున్నాను.

పొరల డబ్బాతో ఇద్దరం ఆసుపత్రికి ఆటో ఎక్కాం. ఎక్కగానే ఆమె డబ్బా తన ఒళ్ళోకి లాక్కుంది. మడివాళ దగ్గర గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతోంది.

"ఇలా ఇవ్వక్కా, నేను పట్టుకుంటా."

"వద్దులే," అంది నా మొహం చూడకుండానే. "నువ్వు పెరుగంటే గదమ్మా, నేను ఏలుముద్ర ఏసింది."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.