ఆడవే ఇవ్వండి

బట్టలు కుట్టే కార్ఖానాలో యూనియన్ కార్యదర్శి పదవి ఖాళీ అయింది. అధ్యక్షుడు గేటు మీటింగులో ఒక పేరు పలుకుతాడు, అందరూ చేతులెత్తుతారు. అక్కడి పద్ధతి అంతే.

ఈసారి తన పేరు పలకమని కాలర్లు కుట్టే ఆవిడ అధ్యక్షుణ్ణి అడిగింది. ఆయన ఆమె మొగుడే. స్త్రీ విముక్తి మీద గంటసేపు గొంతు చించుకోగల మనిషి. పెళ్ళాం అడిగేసరికి ఆ గొంతు మారింది. కమిటీలో ఇప్పటికే ఒక ఆడమనిషి ఉందట. ఇద్దరు చేరితే జుట్లు పట్టుకుంటారట. చూద్దాంలే అన్నాడు. ఆయన చూద్దామంటే ఇక చూడడని ఆమెకు తెలుసు.

మీటింగు ముందురోజు, కుందేలు పిల్లలా ఉండే గినీ పిగ్ కావాలన్న కూతురి పోరు పడలేక, ముగ్గురూ పెంపుడు జంతువుల కొట్టుకు వెళ్ళారు. గినీ పిగ్ ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటుంది, రెండు కొనాల్సిందే అంది కొట్టు నడిపే ఆవిడ. ఆడా మగా కలిపితే ఇల్లంతా పిల్లలే. అయితే రెండూ మగవే ఇమ్మన్నాడాయన. మగవి హుషారుగా ఉంటాయి, త్వరగా మాలిమి అవుతాయి.

ఆవిడ కాదనలేదు. "కానీ అన్నా, ఎదిగాక పెద్దరికం ఎవరిదో తేలాలి వాటికి. చోటు చాలకపోతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆడవాటికీ అలకలుంటాయిలే. అయినా చాలావరకు సర్దుకుపోతాయి."

ఆయన తన ఇరుకు గదులు తలచుకున్నాడు. "ఆడవే ఇవ్వండి. ఇంట్లో కూడా తగవులు తీర్చే ఓపిక నాకు లేదు. కమిటీలో పడుతున్నది చాలు."

భార్య నింపాదిగా అడిగింది. "కమిటీలో కొరుక్కుంటున్నది ఎవరు?"

"జంతువుల సంగతి వేరు, మన సంగతి వేరు."

"వేరేలే. వాటికైతే మీ సిఫార్సు దొరికింది."

కూతురు బోను ఎత్తుకుని బయటికి నడిచింది. ఆయన మాత్రం ఎండుగడ్డి గురించి అడిగిందే అడుగుతూ కొట్టులోనే తచ్చాడాడు.

మర్నాడు గేటు దగ్గర ఆయన ఇంకెవరి పేరో పలకబోతుంటే, ఆమె లేచి తన పేరు తానే చెప్పుకుంది. ఇది పద్ధతి కాదని ముందు వరసలో ఇద్దరు లేచారు. వాళ్ళు పద్ధతేమిటో చెప్పేలోగా కాలర్లవాళ్ళు చేతులెత్తారు. తర్వాత కాజాలవాళ్ళు, గుండీలవాళ్ళు. అధ్యక్షుడు తల తిప్పి చూసేసరికి కిందున్న చేతులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి తనది. గబుక్కున ఎత్తాడు.

ఆపైన మైకు పట్టుకుని, ఆడవాళ్ళు నాయకత్వంలోకి రావాలని తాను మొదటినుంచీ కొట్లాడుతున్నానన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

కొత్త కార్యదర్శి మైకు కోసం చెయ్యి చాపింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.