పలుచటి పూత

అంట్లు తోముతున్న ఆమె వెనక నిలబడి భర్త అన్నాడు, "రోజంతా బొగ్గుముక్కకి ఏదో పూసి మైక్రోస్కోపులో చూడ్డమేగా నీ పని. దానికే అలిసిపోతే ఎలా?" ఆ మాటలో విషం ఉంటే తిరగబడొచ్చు. నవ్వుతూ అన్న మాటకి ఏం చేస్తుంది? తనూ నవ్వేసింది.

పని నిజంగా అదే మరి. కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఎంజైము పూస్తే అది ఆక్సిజన్‌ని చకచకా నీరుగా మారుస్తుంది. ఎంత జోరుగా మారుస్తోందో కరెంటు చెబుతుంది. పూత దట్టంగా ఉంటేనే కరెంటు ఎక్కువని ల్యాబ్ పెద్దాయన నమ్మకం. దట్టమైతే పైవరసకి కార్బన్ అందదేమోనని ఆమె అనుమానం. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పలుచగా పూసి చూసింది. మైక్రోస్కోపు తెర మీద ఎంజైములు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా విడివిడిగా కూర్చున్నాయి. కరెంటు రెట్టింపయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది.

పెద్దాయన పొంగిపోయారు. "భలే చేశావమ్మా. సదస్సులో నేను చెప్పేస్తాలే, చంటిదానితో నువ్వెక్కడ తిరుగుతావు?"

ఆమె తలూపింది. తలూపడం వెన్నతో పెట్టిన విద్య.

సాయంత్రం అత్తగారు జరిగిందంతా విని, ఫోన్లో ఆ ఎంజైముల ఫొటోని కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది. ఒకప్పుడు ఆవిడ బట్టలు కుట్టేది.

"నువ్వు కనిపెట్టింది ఆయనెందుకు చెప్పడం?"

"నాకు వీలుకాదని, అత్తయ్యా."

"వీలుకాదని నువ్వన్నావా?"

తను అనలేదు. అసలు ఎవరూ అడగనే లేదు.

"నేను కుట్టిన బట్టలు చూపించి మీ మామయ్య 'మేం కుట్టాం' అనేవారు. ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

మర్నాడు ఆమె పెద్దాయన గదిలోకి వెళ్ళింది. "సదస్సులో నేనే చెబుతాను సార్."

"మరి ఇంట్లో పాప?"

"వాళ్ళ నాన్న ఉన్నారు సార్."

ఆయన కాసేపు పెన్ను తిప్పి, "అదీ నిజమే. నువ్వే చెప్పు, ప్రశ్నలొస్తే నాకన్నా నీకే తెలుసు" అన్నారు.

సదస్సు రోజు వేదిక మీదికి పిలవబోతుండగా ఫోన్ మోగింది.

"పాప గౌన్లు ఎక్కడ పెట్టావు?" భర్త గొంతులో కంగారు.

"వెతుక్కోండి," అని మెల్లగా చెప్పి, ఫోన్ కట్టేసి, ఆమె మెట్లెక్కింది.