ఆదివారం సూది

తలుపు పక్క బల్ల మీద ఉత్త చేతులతో కూర్చుంది నెదెల్యా. ఆదివారం పొద్దున ఆమెకు అదే పెద్ద కష్టం. సూదిపోట్లకు చూపుడువేలి కొస మొద్దుబారింది. పనేమీ లేకపోయినా బొటనవేలు దాన్ని రుద్దుతూనే ఉంటుంది. ఊరందరి బొంతలూ చొక్కాలూ కుట్టిన చేతులవి. ఆదివారం మాత్రం సూది ముట్టవు.

ఈ రొదోపీ కొండల ఊళ్ళలో ఆదివారాన్ని నెదెల్యా అనే అంటారు. ‘నె’ అంటే లేదు, ‘దెలో’ అంటే పని. ఆ రోజున పుట్టిందని ఆమెకూ అదే పేరు పెట్టారు. ఆ పేరుతో పైలోకంలో ఒక తల్లి ఉందనీ, ఆదివారం వేసే ప్రతి కుట్టూ ఆవిడ ఒంట్లో దిగుతుందనీ వాళ్ళమ్మ చెప్పేది. నెదెల్యా ఆ మాట ఎన్నడూ దాటలేదు.

“పేరేమో పనిలేదు, బతుకేమో గానుగెద్దు,” అని పొరుగింటి మిన్యో ఆటపట్టిస్తుంటాడు. రష్యా అడవుల్లో చెట్లు కొట్టొచ్చిన మనిషి. “అక్కడ నెదెల్యా అంటే వారమంతా, వదినా. సెర్బులైతే ఆదివారానికీ వారానికీ అదే మాట. నీకు మాత్రం ఈ ఒక్క పూటే దక్కింది.”

ఈవేళ అతను ఆటపట్టించలేదు. గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

“రుజా రమ్మంటోంది, వదినా. ఆ చొక్కా కూడా తెమ్మంది.”

నెదెల్యా లేచి, సూదీ దారం రీలూ ఉన్న చొక్కా మూట తీసుకుంది. మిన్యో భార్య రుజా ఆమెకు చిన్ననాటి నేస్తం. మంచం పట్టాక, పోయేటప్పుడు తొడగడానికి కొత్త చొక్కా కుట్టమంది. అది పూర్తయితే మనిషి దక్కదేమోనని నెదెల్యా వారమంతా సాగదీసింది. మెడపట్టీ మిగిలిపోయింది. సోమవారం చూద్దాంలే అనుకుంది.

రుజా దిండుకు ఆనుకుని ఉంది. మొహం పిడికెడైంది. నోరు మాత్రం తగ్గలేదు.

“మెడ లేని చొక్కాతో పంపుతావుటే? అక్కడ మా అత్తుంటుంది. చూసి నవ్వదూ?”

“రేపు కుడతానే.”

“రేపటిదాకా నేనుండను.”

నెదెల్యా మంచం అంచున కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. ఆమెకు నిజంగానే భయమేసింది.

“ఆ తల్లికి గుచ్చుకోదుటే?” అంది రుజా.

“గుచ్చుకోనీ. ఆవిడకు ఊరంతా ఉంది. నాకు నువ్వొక్కదానివే.”

“అయితే మెల్లగా గుచ్చు. ఆ రీలు ఇటియ్యి, నేను పట్టుకుంటాను. పాపంలో సగం నాది.”

పోయేవాళ్ళ బట్టకు ముడి వెయ్యరు. ముడి లేకుండానే మొదలుపెట్టి, కుట్టుకుట్టుకూ “క్షమించు తల్లీ” అనుకుంటూ పట్టీ చుట్టూ వచ్చింది. దారం అయినప్పుడల్లా రుజా చేతిలోని రీలు నుంచి లాగి తెంపుకుంది. లాగినప్పుడల్లా రుజా వేళ్ళు కాస్త బిగించి పట్టేవి.

ఈసారి లాగితే రీలు అడ్డు లేకుండా తిరిగింది.

నెదెల్యాకు తెలిసింది. లేవలేదు, కేక వెయ్యలేదు. బెత్తెడు పట్టీ ఇంకా ఉంది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, ముందుకన్నా మెల్లగా, చివరిదాకా కుట్టింది. అప్పుడు మిన్యోని పిలిచింది.

తెల్లదారం రీలు రుజా అరచేతిలోనే ఉంది, ఇంకా సగానికి పైగా నిండుగా.