డాస్ మేడ్షెన్

నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా రూతు నేరుగా జర్మన్ క్లాసుకు వెళ్ళేది. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె స్టాఫ్ నర్సు. జర్మనీలో నర్సు ఉద్యోగం రావాలంటే ముందు ఆ భాషలో పరీక్ష గట్టెక్కాలి. ప్రతాప్ సార్ కోచింగ్ సెంటరు ఒక ఎరువుల దుకాణం పైన మేడగదిలో ఉంది. కింద నుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి వచ్చేది.

ఆ భాషలో ప్రతి వస్తువుకూ ఒక లింగం ఉంటుంది. మగదైతే ముందు 'డెర్' పెట్టాలి, ఆడదైతే 'డీ', రెండూ కాకపోతే 'డాస్'. చెంచా మగది. ఫోర్కు ఆడది. కత్తి రెండూ కాదు. సిరంజీ ఆడది, గాయానికి కట్టే కట్టు మగది, జ్వరం ఏదీ కాదు. రూతుకు ఒళ్ళు మండేది. నరం దొరక్క పేషెంటు అరుస్తుంటే, చేతిలో సిరంజీ ఆడదో మగదో ఎవరికి కావాలి?

ఎందుకు సార్ అని అడిగితే ప్రతాప్‌కు నచ్చదు. "బట్టీ కొట్టల్ల. ఎందుకు అనే మాట ఈడ లేదు" అనేవాడు. తప్పు చెప్పినవాళ్ళు క్లాసు అయ్యేదాకా నిలబడాలి. పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన రూతు ఇక్కడ కూడా నిలబడేది.

ఒక సోమవారం అతను బోర్డు మీద 'మేడ్షెన్' అని రాశాడు. అమ్మాయి అని అర్థం.

"దీనికి ముందర ఏమొస్తాది? రూతూ, నువ్వు చెప్పు."

అమ్మాయే కదా, ఇందులో అనుమానమేముంది అనుకుంది రూతు. "డీ, సార్."

ప్రతాప్ నవ్వాడు. "డాస్. చెంచా అన్నా మగోడే గానీ, ఆడపిల్ల మటుకు ఏదీ కాదు." ముందు బెంచీల్లో మగపిల్లలు కూడా నవ్వారు.

"ఆడపిల్ల ఆడది గాకుండా ఎట్ల పోతాది సార్?"

అతను క్లాసు వైపు తిరిగాడు. "చూడండప్పా, మొన్న జయచంద్ర గూడా తప్పు చెప్పినాడు. ఆయప్ప తెల్లారేతలికి నేర్చుకోనొచ్చినాడు. ఇదేమో మూడు నెల్లయినా యాడుండేది ఆడే ఉండాది. దీనికి ఈ జన్మలో రాదు."

రూతు పక్కన కూర్చునే ఈశ్వరి తల దించుకుంది. ఈశ్వరి కూడా అదే ఆసుపత్రిలో నర్సు. రూతు చెవులు వేడెక్కాయి.

"సార్, జయచంద్రన్న ఆయప్ప. నేనెందుకు 'ఇది' అయితి?"

"ఏంది?"

"చెంచాకు ముందర ఏం పెట్టల్లో తప్పు చెప్తే గంటసేపు నిలబెడతారు. మనిషిని ఏమని పిలుస్తాండారో మీరు ఒక్కతూరన్నా చూసుకున్యారా? ఆయమ్మ అనేదానికి నోరు నొస్తాదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతాప్ చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు. "బయటికి పో. రేపట్నుంచి రావద్దు."

ఆ వారం సెలవు రోజున రూతు కుందుర్పి బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. తల్లి సారా, విత్తనానికని వేరుశనక్కాయలు వొలుస్తూ కూర్చుంది. రూతు జరిగిందంతా చెప్పి, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.

"మనూర్లో అంతా అట్లనే అంటారు గదమ్మే" అంది సారా. "మీ నాయన ఇరవై ఏండ్లు నన్ను 'అది' అనే అన్న్యాడు. యాడికి పోయింది అది, సంగటి చేసిందా అది. నేను పడల్యా?"

"పడితివి. నాకు నీమీద గూడా అందుకే కోపం."

సారా వొలిచిన పప్పులు చేటలో పోసింది. "కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. చదువు మటుకు నిలపాకు" అంది చివరికి.

నిలపలేదు. పాత పుస్తకాల అంగట్లో ఒక జర్మన్ వ్యాకరణం కొని, మధ్యాహ్నం భోజనం వేళలో చదివింది. నలభయ్యో పేజీలో 'మేడ్షెన్' కనిపించింది. చివర 'షెన్' వస్తే అది ఏదైనా సరే చిన్నదని చెప్పే మాట. చిన్నది చేసిన ప్రతి మాటకూ డాస్ వస్తుంది. చిన్న పిల్లిపిల్లకైనా అంతే, చిన్న ఇంటికైనా అంతే. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి చేతకాకనే అతను అంతమందిలో తనను నవ్వులపాలు చేశాడు. అన్నం గిన్నె పక్కకు నెట్టేసింది. ఆ రోజు ఇంకేమీ తినలేకపోయింది.

ఎనిమిది నెలల తరువాత బెంగళూరులో పరీక్ష రాసింది. మాట్లాడే పరీక్షలో సిరంజీని మగది చేసేసింది. ఎదుట కూర్చున్న పెద్దావిడ తల ఊపి, తరువాతి ప్రశ్న అడిగింది. నిలబెట్టలేదు. నవ్వలేదు.

రూతు పాసయింది.

ఫలితాలు వచ్చిన పది రోజులకు ఈశ్వరి ఫోను చేసింది. "అక్కా, సెంటరు ముందర నీ ఫోటో ఏసినారు."

వెళ్ళి చూసింది. మెట్ల పక్కన గోడకు ఎత్తున కట్టిన నిలువెత్తు ఫ్లెక్సీ. పైన ప్రతాప్, చేతులు కట్టుకుని. కింద ఆరుగురు విద్యార్థులు. మధ్యలో రూతు, సెంటరులో చేరేటప్పుడు ఇచ్చిన ఆసుపత్రి గుర్తింపు కార్డులోని ఫోటో. 'మా సెంటరు ఆణిముత్యం' అని రాసి ఉంది.

ప్రతాప్ నవ్వుతూ మెట్లు దిగి వచ్చాడు. "రామ్మా రూతూ, కంగ్రాట్స్. చూసినావా, నీకు గూడా మంచి పేరు."

"తీసేయండి సార్."

"అయిపోయిన దాన్ని పట్టుకోని ఏమిటికమ్మా? మూడు నెలలు నా కాడ కూర్చోలేదా నువ్వు?"

"కూర్చోలేదు సార్. నిలబడితిని."

అతను మళ్ళీ నవ్వబోయి ఆగాడు. రూతు బ్యాగులోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది. ఎరువుల దుకాణం నుంచి ఒక స్టూలు అడిగి తెచ్చుకుని, ఎక్కి, తన బొమ్మ చుట్టూ తొందరపడకుండా కోసింది. దుకాణం ముందు రైతులు మూటలు దించి చూస్తూ నిలబడ్డారు. ప్రతాప్ పోలీసులన్నాడు, లాయరన్నాడు. ఆమె చెయ్యి ఎక్కడా వంకర పోలేదు. తన ముక్కను మడిచి బ్యాగులో పెట్టుకుని స్టూలు తిరిగి ఇచ్చేసింది.

వీధి మలుపు దాకా నడిచాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఈశ్వరి, పుస్తకాల సంచితో.

"అక్కా, నేనూ మానేస్తి. నాకు నువ్వు చెప్తావా?"

రూతు ఆగింది.

"ఆదివారం రా" అంది. "ఈపొద్దు నాకు కోపంగా ఉండాది. ఏం చెప్పలేను."