మీసం మీద పాకిన తీగ

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. నమ్మనివాళ్లు కురబలకోటకు పోయి, గంగులప్ప పెరట్లో నిలబడి చూసుకోవచ్చు. ఎక్కడో ఫిలిప్పీన్సు అడవుల్లో పుట్టిన నీలిపచ్చ తీగ, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఆయన పందిరి మీద ఒక్కదాని మీదే ఉంది. దాని పూలు నెమలిమెడ రంగు. చిలక ముక్కులన్నీ ఏరి దండ గుచ్చినట్టు, గెల గెలంతా పందిరి మీంచి కిందికి వేలాడుతుంది.

గంగులప్ప తల నెరిసేదాకా టమోటా పండించినవాడు. తల నెరిసింది గానీ మీసం నెరవలేదు. ఆ రహస్యం మదనపల్లెలో ఒక సెలూనుకు మాత్రమే తెలుసు. బెంగళూరులో పూల ప్రదర్శన చూడబోయి ఆ మొక్క కొనుక్కొచ్చాడు. పెరట్లో పందిరి మీదున్న అనపచిక్కుడు తీగను పీకేసి, దీన్ని ఎక్కించాడు.

"అనపగింజలు పితికి పితికిపప్పు తినే నోట్లో మన్ను కొట్టినావు. ఈ నీలంపూలు పులుసులోకి వస్తాయా?" అంది భార్య కెంపమ్మ.

"నీకు పులుసు తప్ప ఏం తెలుసు? ఇది మహారాజుల తీగ."

టమోటాకు పక్క చిగుళ్లు తుంచితే కాయ బలుస్తుంది. మహారాజుల తీగకూ అదే వైద్యం చేశాడు గంగులప్ప. కనబడిన చిగురునల్లా తుంచాడు. తీగ కూడా పట్టుదలగలదే, ఏళ్ల తరబడి ఆకులే చూపించింది. చివరికి ఆయన మోకాలు పట్టేసి స్టూలు ఎక్కలేకపోయాక గానీ దానికి ఊపిరి తిరగలేదు. అందుకే ఆ తీగ పూసిన ఘనత మోకాలిదే అంటుంది కెంపమ్మ.

అయితే పూయకముందే పందెం పడింది. పుంగనూరులో ఒక పెళ్లికి పోయినప్పుడు, భోజనాల బంతిలో పక్కన కూర్చున్న బామ్మర్ది కుప్పుస్వామి కదిలించాడు. ఆయనకు కుప్పంలో పూల అంగడి. తాను చూడని పువ్వు భూమ్మీద లేదని ఆయన నమ్మకం.

"ఏం బావా, నీ తీగ పూసిందా? ఇంకా ఆకులకే కాపలా కాస్తాండావా?"

"వచ్చే గంగజాతర లోపల పూయకపోతే ఈ మీసం తీసేస్తా!"

"పూసిందని నువ్వు చెప్తే సాలదు. ఫోటోలు గీటోలు వద్దు. ఫోటోలో నా బట్టతలకు గూడా జుట్టు మొలిపిస్తారు. నా కండ్లతో నేను సూడాల."

"సూస్తువులే. కండ్లు కడుక్కోని రా."

సాంబారు వడ్డించే మనిషి కూడా గరిటె ఆపి విన్నాడు. ఇంక వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆ ప్రయాణంలోనే కెంపమ్మ, పోయిన అనపకాయలకు పరిహారంగా, ఒక పుంగనూరు ఆవును కొనిపించుకుంది. నడుమెత్తు కూడా లేని పొట్టి ఆవు. పేరు బుడ్డమ్మ. గంగులప్ప దాని పక్కన నిలబడి, పందిరి వైపు చూసి, తృప్తిగా తలూపాడు.

"మంచిదే తెచ్చినాం. పొడుగు ఆవైతే తీగను బతకనిస్తాదా? దీని మూతికి పందిరి ఏ జన్మకూ అందదు."

జాతర దగ్గర పడుతుండగా ఒకే ఒక్క గెల దిగింది. రోజురోజుకూ కిందికి జారుతూ, మొగ్గలు విచ్చుకుని, పొద్దుటి వెలుగులో నెమలిమెడలా మెరిసింది. గంగులప్పకు కళ్లు చెమర్చాయి. వెంటనే భయం కూడా పట్టుకుంది. టమోటా రైతు పంట బాగుందని మండీలో వేలం పాట అయ్యేదాకా నోరు విప్పడు. పువ్వు లేనన్నాళ్లూ ఊరంతా చాటినవాడు, పువ్వు వచ్చాక నోటికి తాళం వేశాడు.

కుండకు మసి పూసి, సున్నం చుక్కలు పెట్టి, తన మీసం లాంటి మీసమే గీసి దిష్టిబొమ్మను నిలబెట్టాడు. అది చాలదనిపించి, కెంపమ్మ పాతచీర తెచ్చి గెల చుట్టూ నేల దాకా తెరకట్టాడు.

"అసలు సూడాలనే గదా పందెం? ఇట్ల మూసిపెడితే ఎట్ల?" అంది కెంపమ్మ.

"నా బామ్మర్ది సూస్తాడు. వాడు సూసేదాకా ఎవురూ సూడగూడదు!"

జాతర ముందురోజు కుప్పుస్వామి బస్సు దిగాడు. గంగులప్ప తొందరపడలేదు. కాఫీ ఇప్పించాడు. కుప్పంలో వానల సంగతి అడిగాడు. మీసం రెండువైపులా దువ్వి, అప్పుడు పందిరి కిందికి నడిపించి, నాటకంలో తెర లాగినట్టు చీర లాగాడు.

లోపల బుడ్డమ్మ ఉంది. దాని నెత్తి మీద, ద్రాక్షపండ్లు తిని పారేసిన గుత్తిలా, ఒట్టి కాడ ఊగుతోంది. పందిరి దాకా పోలేని ఆవు దగ్గరికి పువ్వే దిగి వచ్చింది. చీరచాటు కావడంతో, కనిపెట్టి అదిలించేవాళ్లు కూడా లేకపోయారు.

కుప్పుస్వామి చాలాసేపు చూశాడు.

"పువ్వు బాగుండాది బావా. తోక గూడా ఉండాది."

"పొద్దున ఉన్నిందిరా! నేను సూసినా!" అంది కెంపమ్మ.

"నువ్వు సూస్తే ఎట్లక్కా? సూడాల్సింది నేను గదా?"

మీసం మీదున్న గంగులప్ప చెయ్యి మెల్లగా కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే బుడ్డమ్మ తలెత్తింది. తడి మూతికి అంటుకుని ఒక రేకు, నెమలిమెడ రంగులో, మిలమిలలాడింది. కుప్పుస్వామి దాన్ని తీసి, రంగు పూసిందేమోనని పంచె అంచుతో రుద్దాడు. రంగు పోలేదు. రేకును చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"మీసం ఉంచుకో బావా. ఆవు సాక్ష్యం చెప్పేసింది."

బాగుంది కదా? గంగులప్పకు కూడా ఈ ముగింపే ఇష్టం. కాకపోతే ఇప్పుడు ఆయన పెరట్లోకి పోయి చూస్తే, మీసం ఉన్నది కుండబొమ్మకు ఒక్కదానికే. బుడ్డమ్మ అంత సులువుగా ఆనవాలు వదిలే ఆవు కాదు. మూతి శుభ్రంగా నాకేసుకుని, ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ నిలబడింది. మీసం లేని గంగులప్ప మొహం చూడలేక, ఆ రేకును కథ చెప్పేవాడే తెచ్చి దాని మూతికి అంటించాడు. ఆవగింజంత అబద్ధం లేదన్న మాట మాత్రం నిజమే. రేకు ఆవగింజ కంటే చాలా పెద్దది.