సొన్నప్ప పడ్డాడా, మొక్కాడా

కబ్బన్‌పేటలో మగ్గాల సందు దాటి పెద్దవీధికి వచ్చే మలుపులో ఒక బండ ఉండేది. మోరీ మీద కప్పిన బండ. జనం దాని మీదుగానే నడవాలి, పక్కనంతా జట్కాలు, ఎద్దుబండ్లు, మిలిటరీ లారీలు పోయే దారి. ఆ బండ ఒక మూల విరిగి, ఇంకో మూల లేచి, ఎవరు కాలు పెట్టినా తక్కెడలా ఊగేది. వీధుల బాగోగులు చూసే కచేరీలో అడిగితే సిమెంటంతా యుద్ధానికి పోయిందనేవాళ్ళు. జర్మనీవాడు ఓడిపోతే తప్ప కబ్బన్‌పేట మోరీకి మూత పడదన్నమాట. అడిగినవాడు తలూపి ఇంటికి పోయేవాడు. పేదవాడికి ఏ జవాబైనా సరిపోతుందని కచేరీ వాళ్ళకు తెలుసు.

ఒక పొద్దున సొన్నప్ప ఆ బండ మీద కాలు పెట్టాడు. కుడికాలు మోకాలిదాకా మోరీలోకి పోయింది, మిగతా మనిషి ముందుకు పోయాడు. రెండు చేతులూ చాచి, ముఖం నేలకు కొట్టుకుని బోర్లా పడ్డాడు. లోపల ఎక్కడో ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఎదురుగా కాఫీ అంగడి నడిపే ఓబళప్ప అది చూసి ముందు నవ్వాడు, తరువాత పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా సొన్నప్పా, దావలో ఏమన్నా పారేసుకున్యావా?"

"కాలు! నీ నోట్లో మన్ను పడ, ముందు కాలు లాగు!"

సొన్నప్ప నేతగాడు. గుంటమగ్గం ముందు కూర్చున్నవాడికి చేతుల సంగతి తరువాత, ముందు కాళ్ళు కావాలి. గుంటలో కాలు చెక్క తొక్కితేనే దారాలు విచ్చుకుంటాయి, విచ్చుకుంటేనే వాటి మధ్య పోగు పట్టుకుని నాడె పరుగెడుతుంది. కట్టు కట్టేవాడు వెదురుబద్దలు పెట్టి, గుడ్డుసొన పూసి, గట్టిగానే కట్టాడు. విప్పి చూస్తే కాలు ఉంది గాని పాదం పక్కింటివైపు చూస్తూ ఉంది. గుంటలోకి దిగితే ఎక్కలేడు. మగ్గం యజమాని ఎంతో మర్యాదగా "నిదానంగా రా అప్పా, తొందరేముండాది" అని చెప్పి, ఆ సాయంత్రమే మగ్గంలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు.

అప్పుడు సొన్నప్ప వకీలు జయరామప్ప దగ్గరికి పోయాడు. కచేరీ తప్పువల్లే పడ్డాడని కోర్టు ఒప్పుకుంటే, సుంకం గేటు దగ్గర కూర్చుని చేసే కొలువు ఏదైనా కచేరీ ఇవ్వక తప్పదని ఎవరో చెప్పారు. సొన్నప్పకు కావలసింది అదే. కూర్చుని తినడం కాదు, కూర్చుని పనిచేయడం.

జయరామప్ప ముక్కుపొడి పీల్చి, కళ్ళు తుడుచుకుని చెప్పాడు. "నీకు పోయేదానికి మూడు దావలు ఉండాయి సొన్నప్పా. కచేరీ మీద దావా వేస్తే, బండ మాది కాదు, ఎదురు అంగడివానిది అంటారు. అంగడివాని మీద వేస్తే, నాది కాదు, కచేరీది అంటాడు. ఇద్దరి మీదా వేస్తే ఇద్దరూ ఒకటై, కండ్లు యాడ పెట్టుకోని నడిచినావురా అని నిన్నే అడుగుతారు."

"వీటిలో ఏది మంచిది సామీ?"

"నాకు మూడూ మంచివే. నీకు మొదటిది." వకీలు గొంతు తగ్గించాడు. "ఒక మాట గుర్తు పెట్టుకో. మనుషులు సాక్ష్యం మారుస్తారు, బండ మార్చదు. కేసు తెగేదాకా అది అట్లే విరిగి ఉండాల. ఎవురినీ ముట్టనీయద్దు."

"ఇంగెవురన్నా పడితే?"

"పడితే ఇంకా మంచిది కదప్పా. ఇంకో సాక్షి."

సొన్నప్ప భార్య మునివెంకటమ్మ దిగులు వేరు. మనిషి పడ్డచోట భయం నిలిచిపోతుందనీ, దానికి చెల్లించాల్సింది చెల్లిస్తేనే ఒళ్ళు వదులుతుందనీ వాళ్ళ ఇళ్ళలో నమ్మకం. కాలు వంకరగా అతికిందంటే చెల్లించలేదనే కదా అర్థం! శుక్రవారం తలంటుకుని, పసుపు, కుంకుమ, నిమ్మకాయ, వేపమండ తీసుకుని మలుపు దగ్గరికి పోయింది. లేచి నిలిచిన బండ మూలకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, దారం చుట్టింది.

"నువ్వు తీసుకున్యది చాలు తల్లీ. ఇంగ మా మొగోని జోలికి రావద్దు" అని మొక్కి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా ఇంటికొచ్చింది.

చూసి ఉంటే బాగుండేది. ఆమె సందు తిరగకముందే పూలగంప ఆవిడ ఒకతె ఆగి, పసుపు చూసి, మూరెడు కనకాంబరాలు బండ మీద పెట్టింది. పూలు చూసి ఇంకెవరో కర్పూరం వెలిగించారు. కర్పూరం వెలిగితే ఆగి దండం పెట్టనివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? మరుసటి వారానికల్లా జనం చెప్పులతో దాన్ని తొక్కడం మానేసి, లారీల మధ్యకు దిగి చుట్టూ తిరిగి పోసాగారు.

సొన్నప్ప మురిసిపోయాడు. పోలీసులను కాపలా పెట్టినా సాక్షికి ఇంత బందోబస్తు దొరకదు.

ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. బండకు పేరు పుట్టింది. కాలుపట్టు తల్లి. మోకాలి నొప్పులవాళ్ళు ఆనేకల్ నుంచి, దొడ్డబళ్ళాపురం నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఓబళప్ప కాఫీ తగ్గించి టెంకాయలు అమ్మడం మొదలుపెట్టాడు. మునివెంకటమ్మే మొదట పూజ చేసిందని తెలిసి, ఆమె చేత బొట్టు పెట్టించుకోవాలని ఆడవాళ్ళు వరస కట్టారు. వకీలు నోటీసుకు భయపడి బండ మార్చడానికి కచేరీ మనుషులు ఎట్టకేలకు రాళ్ళు పెకలించే గడారులతో వచ్చారు. వాళ్ళ మేస్త్రీ జనాన్ని చూశాడు, బండను చూశాడు, గడారి కింద పెట్టి చెంపలు వాయించుకున్నాడు. తన నడుము నొప్పి సంగతి కూడా తల్లికి విన్నవించి పోయాడు.

కోర్టులో కచేరీ తరఫు జవాబు వచ్చింది. ఆ చోట కాలిబాట లేదు, గుడి ఉంది. గుడిలో కాలు విరిగితే దేవతను అడగాలి.

సొన్నప్ప తల పట్టుకున్నాడు గాని జయరామప్ప తొడ చరిచాడు. "మంచిదే ఆయ! చట్టంలో దేవుడు కూడా ఒక మనిషేనప్పా. ఆస్తి పెట్టుకోవచ్చు, దావా వేయొచ్చు, ఆయన మీద మనమూ వేయొచ్చు. ఒకటే చిక్కు. దేవుడు ఎప్పటికీ మైనరు."

"అంటే?"

"చిన్నబిడ్డ లెక్క. తరఫున పెద్దవాళ్ళు ఎవురన్నా నిలబడాల. ఈ తల్లికి మొదట పూజ చేసింది ఎవురు?"

"మా ఇంటామె."

"అయితే దావా కచేరీతో పాటు నీ పెండ్లాం మీద కూడా వేయాల. భయపడాకు, ఉత్త పేరుకే."

ఇంట్లో అది ఉత్త పేరుకు కాలేదు.

"నా మీద కేసా?" అంది మునివెంకటమ్మ, చేతిలో సంగటి తెడ్డుతో.

"నీ మీద కాదే, తల్లి మీద. నువ్వు సుమ్మనె నిలబడాల, అంతే."

"తల్లి తప్పేముండాదయ్యా? మైల కాలితో తొక్కినోడివి నువ్వు!"

"నేను తొక్కినప్పుడు అది ఉత్త బండే! దాన్ని దేవతను చేసింది నువ్వు కదే!"

"నేను చేస్తే అవుతాదా? అదేమన్నా సంగటా, నేను కెలికితే అయ్యేదానికి?"

ఆ పూట సొన్నప్పకు సంగటి కూడా కాలేదు.

విచారణ రోజు మునివెంకటమ్మ పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టుతో వచ్చి ప్రతివాది తరఫున నిలబడింది. కోర్టు బంట్రోతు ఆమెకు దండం పెట్టి కుర్చీ తెచ్చి వేశాడు. కాలు విరిగిన సొన్నప్ప గోడకానుకుని నిలబడ్డాడు. సాక్షిగా ఓబళప్పను పిలిచారు.

"సొన్నప్ప బండ మీద పడింది నువ్వు చూసినావా?" అని జయరామప్ప అడిగాడు.

"పడలేదు సామీ. మొక్కినాడు."

"నేను పడితే నవ్వినావు కదరా!" అని సొన్నప్ప అరిచాడు.

"ఆనందం పట్టలేక నవ్వినా అన్నా. అందరికంటే ముందు తల్లి నిన్ను పిలిపించుకునింది కదా, ఎంత పుణ్యం చేసుకున్యావో అని."

కేసు వింటున్న జడ్జి మున్సిఫుగారు భారీ మనిషి, పద్ధతి తప్పనివాడు. కలం కింద పెట్టి అడిగారు. "రెండు చేతులూ చాచి, ముఖం నేలకు ఆనించి ఉన్నాడా?"

"అట్లే ఉండాడు సామీ."

"అది సాష్టాంగమే కదా!"

"సామీ," అన్నాడు సొన్నప్ప, "సాష్టాంగం పెట్టేవాడు ఎవడన్నా ఒక కాలు మోరీలో పెట్టి పెడతాడా?"

మున్సిఫుగారు ఆ మాట రాసుకున్నారు. మాటలో బలముంది. చివరికి తానే వచ్చి చోటు చూస్తానన్నారు.

ఆయన జట్కా దిగేసరికి మలుపంతా జనం. బండ మీద నూనె, నెయ్యి, టెంకాయనీళ్ళు, నలిగిన అరటిపండ్లు. బూట్లతో ముందుకు పోబోతే జనం చూసిన చూపుకు ఆయన ఆగి, బూట్లు విప్పి, దగ్గరున్న చేతికి ఇచ్చారు. ఆ చేయి సొన్నప్పది.

"చట్టం ముందు ఇది రాయే. ఊగుతుందో లేదో నేనే తొక్కి చూస్తాను" అన్నారు మున్సిఫుగారు.

ఆయన పంచె ఎత్తి పట్టుకుని బండ మీద పాదం మోపారు. బండ ఊగింది. కుడికాలు మోరీలోకి, మిగతా పెద్దమనిషి ముందుకు. చేతులు చాచి, ముఖం పసుపులో పెట్టి, సొన్నప్ప ఎట్లా పడ్డాడో అచ్చం అట్లాగే. చప్పుడు కూడా వినిపించింది. ఆ చప్పుడు సొన్నప్ప మరిచేది కాదు.

ఈసారి ఓబళప్ప నవ్వలేదు.

ఒంటికాలి మీద వంగి సొన్నప్ప ఆయన చెవి దగ్గరికి చేరాడు. ఇంతకంటే పెద్ద సాక్షి భూమ్మీద దొరకడు. గేటు కొలువు అప్పుడే చేతికందినట్టుంది. "సామీ, అందరి ముందర ఒక్క మాట చెప్పండి. మీరు పడినారా, మొక్కినారా?"

మున్సిఫుగారు తల ఎత్తారు. చుట్టూ కొట్టడానికి ఎత్తిపట్టిన టెంకాయలు. వాటి కింద తనవైపే చూసే ముఖాలు. కోర్టు మున్సిఫునే తల్లి తోసేసిందంటే రేపు ఊళ్ళో తన పాపాల గురించి ఏమేం చెప్పుకుంటారో ఆయనకు కళ్ళముందు కనిపించింది.

"మొక్కినాను" అన్నారు.

"తల్లీ!" అని మలుపంతా దద్దరిల్లింది. టెంకాయలన్నీ ఒక్కసారి పగిలాయి. ఆ గోలలో మున్సిఫుగారు సొన్నప్ప చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. కోర్టు భాష ఎటో పోయింది. "నీకు కట్టు కట్టినోడు యాడ ఉంటాడప్పా?"

"వాని దగ్గరికి మాత్రం పోవద్దు సామీ" అన్నాడు సొన్నప్ప, తన పాదం చూపించి.

నలుగురు మోసుకెళ్ళి ఆయన్ను జట్కాలో పడుకోబెట్టారు. జట్కా కదిలిపోయింది. జయరామప్ప వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "తీర్పు రాసేదొకటే తక్కువ. మున్సిఫే మొక్కినచోట నువ్వు పడినావంటే ఎవురు నమ్ముతారు? పైకోర్టుకు పోదామంటే పోవచ్చు."

"వాళ్ళు కూడా వచ్చి తొక్కి చూస్తారా సామీ?"

వకీలు దండం పెట్టుకోవడానికి వరసలో చేరిపోయాడు.

ఇంక నిలబడలేక సొన్నప్ప గోడ నీడన కూలబడ్డాడు. మున్సిఫుగారి బూట్లు ఇంకా తన చేతిలోనే ఉన్నాయని అప్పుడు చూసుకున్నాడు. వాటిని పక్కన పెట్టాడు. అంతలో దొడ్డబళ్ళాపురం ముసలాయన ఒకడు కుంటుకుంటూ వచ్చి, ఏమీ అడక్కుండా తన చెప్పులు విప్పి ఆ బూట్ల పక్కన వదిలాడు. వాళ్ళ కోడలు వదిలింది. వెనకున్న అయిదారుగురూ వదిలారు. బండ దగ్గర కుంకుమ పెడుతున్న మునివెంకటమ్మ తల తిప్పి చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

సొన్నప్ప చెప్పులన్నీ జతలు జతలుగా సర్దాడు. సర్ది, గొంతు సవరించుకున్నాడు.

"ముందే చెప్తా ఉండా. పోతే నన్ను అడగొద్దు. మీ చెప్పులకు మీరే జవాబుదారీ."