కింది పెదవి

చీకటి గదిలో గున్నేశ్వరరావు ఫిల్ము కొసను కింది పెదవికి ఆనించాడు. మందు పూసిన వైపైతే తడి పెదవికి అంటుకోవాలి. ఇవాళ ఏమీ తెలియలేదు. పొద్దున్నే డాక్టరు దవడపన్ను పీకాడు. ఇంజెక్షను మత్తుకి నోరంతా మొద్దుబారి ఉంది.

రాజమండ్రిలోని ఈ స్టూడియోలో ఇరవై రెండేళ్ళుగా అతని పని ఇదే. బొంబాయి నుంచి వచ్చే నూరడుగుల ఫిల్ము చుట్టను, చిన్న సినిమా కెమెరాలకు సరిపోయేలా పాతికడుగుల చొప్పున స్పూళ్ళకు చుట్టడం. ఎవరి పెళ్ళి సినిమాలోనూ అతని పేరుండదు, ఉండాలని అతనూ అనుకోలేదు పాపం. ఫిల్ము కడిగే మందునీళ్ళలో నాని వేళ్ళు ఏనాడో బండబారాయి. చీకట్లో అతనికి ఆ పెదవే దిక్కు.

మత్తు దిగేదాకా ఆగాల్సింది. కానీ బయట కొవ్వూరు బియ్యం వ్యాపారి నాగేశ్వరప్రసాద్ గారు నిలబడి ఉన్నారు. నెలల తరబడి మంచంలో ఉన్న తల్లి జగదాంబ గారు ఇవాళ లేచి కూర్చున్నారట, నవ్వుతున్నారట. తన కెమెరాతో కదిలే బొమ్మ ఒక్కటి తీసుకోవాలని ఆయన ఆరాటం. గున్నేశ్వరరావు కొత్త చుట్ట విప్పి, రోజూ చుట్టినట్టే చుట్టేసి ఇచ్చాడు.

మధ్యాహ్నం మజ్జిగన్నం తింటుంటే పెదవి చురుక్కుమంది. అన్నం వదిలేసి గదిలోకి పోయి, మిగిలిన ఫిల్ము కొస ఆనించి చూశాడు. ఈసారి బొంబాయి నుంచే చుట్ట తిరగబడి వచ్చింది. అంటే పొద్దుటి స్పూలులో మందు అవతలి వైపుకి పోయింది. ఫిల్ము వెనక ఉండే నల్లపూత దాటి వెలుతురు పోదు, ఎంత తీసినా బొమ్మ పడదు.

మరొకటి సరిగ్గా చుట్టి, రేకు డబ్బీలో పెట్టి, జేబులో వేసుకుని, వంతెన మీది బస్సెక్కాడు. ఆవిణ్ణి ఇంకో పది నిమిషాలు కూర్చోబెడితే చాలు, కాళ్ళు పట్టుకునైనా తప్పు ఒప్పేసుకుంటానని దారంతా అనుకున్నాడు.

ఆ ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. జగదాంబ గారు పన్నెండింటికి నిద్రలోనే వెళ్ళిపోయారు.

నాగేశ్వరప్రసాద్ గారు లేచి వచ్చి అతని చేతులు పట్టుకున్నారు.

"మీరు పొద్దున చుట్టివ్వబట్టి సరిపోయిందండి. అమ్మ నవ్వింది, చెయ్యూపింది, అంతా అందులో ఉందండి. ఇంక నాకు అదేనండి అమ్మ."

గున్నేశ్వరరావు నోరు తెరిచాడు. పెదవి ఇప్పుడు బాగానే ఉంది. జేబులోని డబ్బీని గట్టిగా పట్టుకున్నాడు.

"అవునండి" అన్నాడు చివరికి. ఏడుపొచ్చింది. అందరూ ఏడుస్తున్నారు గనక ఎవరూ వింతపడలేదు.

బస్సు వేళకి లేచి వెళ్ళిపోయాడు. అరుగు మీద చెప్పుల పక్కన ఒక రేకు డబ్బీ ఉండిపోయింది. లోపల సరిగ్గా చుట్టిన, ఏ బొమ్మా పడని పాతికడుగుల ఫిల్ము, మూత మీద అతని చేతిరాతలో "జగదాంబ గారు".